నేరేడు మరకలు పోవట్లేదని బ్లీచ్‌లో ఇంకోటి పోయకండి

మొన్న మా పిన్ని రైతుబజార్ నుంచి రెండు కిలోల నేరేడు పళ్ళు తెచ్చింది, అడుగున ఉన్నవి చితికిపోయి తెల్ల గుడ్డ సంచి అంతా ఊదా రంగు. బ్లీచ్ నీళ్ళలో నానేసింది, పోలేదు, అదే బకెట్లో బాత్రూం కడిగే యాసిడ్ ఓ మూతడు పోసింది. తలుపేసుకుని పీట మీద కూర్చుని మరీ. ఒక్క నిమిషంలో దగ్గు, కళ్ళు మంట, గొంతు పట్టేసింది, తలుపు తీసుకుని పాక్కుంటూ బయటకొచ్చింది. రెండ్రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఒక సంచి కోసం.

అందుకే చెప్తున్నా, బ్లీచ్‌లో ఇంకేదీ కలపొద్దు. యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది గాలికన్నా బరువు, పైకి పోదు, కిందే పేరుకుంటుంది. మనం ఉతికేది పీటేసుకుని కిందే కదా, ముక్కు సరిగ్గా అక్కడే ఉంటుంది.

కొత్త మరక: వెంటనే సంచి తిరగేసి, మరక వెనకవైపు నుంచి చన్నీళ్ళు ధారగా పోయండి. సబ్బు బిళ్ళ ముందే రుద్దకండి, సబ్బు తగిలితే నేరేడు రంగు నీలంగా మారి ఇంకా ముదిరినట్టు అవుతుంది. నిమ్మచెక్క రాస్తే ఎర్రబడి పల్చబడుతుంది, తర్వాత బాగా జాడించండి.

పాత మరక: క్లోరిన్ లేని, వానిష్ లాంటి మరకల పౌడర్ గోరువెచ్చటి నీళ్ళలో వేసి నానబెట్టండి, అదొక్కటే చాలు, ఓపిక పట్టండి, ఒకసారికి పోకపోతే రెండోసారి.

మామిడి సొన వేరే సంగతి, అది జిడ్డు, నీళ్ళకి లొంగదు. పొడి సంచి మీదే గిన్నెలు తోమే లిక్విడ్ రాసి కాసేపాగి ఉతకండి, చేతికి తగిలితే పొక్కుతుంది జాగ్రత్త.

జనపనార సంచి నానబెట్టకండి. మరక ఉండగా ఇస్త్రీ చెయ్యకండి, వేడికి పట్టేస్తుంది. ప్రింటున్న సంచికి బ్లీచ్ వద్దు. నిమ్మకాయే కదా ఏమవుతుందిలే అనుకోకండి, నిమ్మరసం, వెనిగర్, చింతపండు అన్నీ పులుపే, పులుపంటే యాసిడే, బ్లీచ్‌లో పడితే అదే గ్యాస్. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్ అసలు కలపొద్దు, అది ఇంకో విషం. యాసిడ్ పోసిన బకెట్ కడక్కుండా బ్లీచ్‌కి వాడకండి. పనమ్మాయికి ఈ విషయం నోటితో చెప్పండి, సీసా మీద రాసింది చదువుకుంటుందిలే అని వదిలెయ్యకండి. బ్లీచ్ వాడితే తలుపు తీసే ఉంచండి. మరక పోకపోతే పోనివ్వండి, కలపకండి.

ఘాటు వాసన వస్తే బకెట్ పారబొయ్యడానికి కూడా ఆగొద్దు, బయటికి రండి, పిల్లల్ని దూరంగా పంపండి, 108కి ఫోన్ చెయ్యండి. ఏవి కలిసాయో డాక్టర్‌కి చెప్పండి. దగ్గు తగ్గింది కదా అని ఇంట్లో పడుకోకండి, ఆయాసం కొన్ని గంటలయ్యాక కూడా వస్తుంది.