ఓడ వచ్చింది, ఔదా వచ్చింది: పాత సాహస నవలల్లో స్త్రీల లెక్క తీయడం

ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే ఇంగ్లీషు ప్రాజెక్టుకి ఈ అంశం తీసుకున్నవాళ్లు చాలామంది మొదటి పేరాలోనే "స్త్రీలకు చోటు లేదు" అని తేల్చేస్తారు. ముందు లెక్క తీయండి, తేల్చడం తర్వాత. మూడు నవలలు చాలు.

ఏ ప్రతి చదవాలో చూసి ఎంచుకోండి. పిల్లల కోసం కుదించినవాటిలో ముందు ఎగిరిపోయేది ఆడవాళ్ల మాటలే. జూల్ వెర్న్ 1864 నాటి భూగర్భయాత్రలో కథ చెప్పే కుర్రాడు ప్రేమించిన గ్రౌబెన్ ఉంటుంది. 1871 ఇంగ్లీషు అనువాదం ఆమెను గ్రెచెన్ చేసింది. ఆ ప్రతిలో అసలు పేరు వెతికితే సున్నా వస్తుంది. సినిమాలు చూసిన జ్ఞాపకంతో అసలు రాయొద్దు: 1959 సినిమాలో భూగర్భంలోకి దిగే మహిళ నవలలో లేదు. గ్రౌబెన్ ఇంటి దగ్గరే ఉండిపోతుంది.

నోట్‌బుక్‌లో ఒక్కో పాత్రకి ఒక పేజీ, అయిదు గడులు: ఏ అధ్యాయంలో వచ్చింది, సొంతంగా ఎన్నిసార్లు మాట్లాడింది, ఏం నిర్ణయించింది, దానివల్ల కథ ఎటు తిరిగింది, చివరికి ఏమైంది.

ఫోన్లో "షి", "హర్" వెతికి లెక్కేస్తే సముద్రపు కథల్లో బోల్తా పడతారు. ఇంగ్లీషు నావికుడికి ఓడ కూడా "ఆమె"యే. విశాఖ హార్బర్‌లో మనకు "అది". అలాగని తెలుగు నోట్సు మిమ్మల్ని కాపాడదు: ఓడా "వచ్చింది", వెర్న్ ఇంకో నవలలోని ఔదా కూడా "వచ్చింది". కాబట్టి ప్రతి వరుసలో పేరు రాయండి.

మూడో, నాలుగో గడులే అసలు పని. "ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ" (1873)లో 37 అధ్యాయాలు. ఔదా 12వ దానిలో, మత్తులో, సతికి తీసుకెళ్తుండగా కనిపిస్తుంది. అక్కడే ఆగితే "రక్షించబడిన అబల" అని రాసేస్తారు. 35కి వెళ్లండి: ఎనభై రోజుల్లో భూమి చుట్టొస్తానని పందెం కాసిన ఫాగ్ దగ్గర పెళ్లి మాట ఎత్తేది ఆమే. ఆ పెళ్లి ఏర్పాటుకి ఫాగ్ నౌకరు పాస్‌పార్తూ పాదిరీ దగ్గరికి వెళ్లబట్టే మర్నాడు ఆదివారమని, అంటే తాము అనుకున్నదానికన్నా ఒక రోజు ముందున్నామని తెలుస్తుంది. ఫాగ్ పందెం గెలిచింది ఆమె నోటి మాటతో. (పార్సీ పిల్లకి సతి ఏమిటని మీకు అనుమానం రావాలి. బుందేల్‌ఖండ్ ముసలి రాజుకి ఇష్టం లేకుండా కట్టబెట్టారని వెర్న్ సమాధానం.)

చివరి గడిలో "పెళ్లి" లేక "చావు" అని ఒక్క ముక్క రాసి వదలొద్దు. దాని గురించి కథకుడు ఏమన్నాడో కూడా చేర్చండి. "కింగ్ సాలమన్స్ మైన్స్" (1885) రైడర్ హేగర్డ్ నవల; దాని మొదట్లోనే కథకుడు క్వాటర్‌మెయిన్ తన కథలో ఫౌలాటా అనే యువతి తప్ప ఆడవాళ్లు లేరంటాడు. గగూల్ అనే మంత్రగత్తె గుర్తొస్తే, వందేళ్ల ముసలిది, పెళ్లికి పనికిరాదు, లెక్కలోకి రాదంటాడు. నిధి గది రాతి తలుపు దగ్గర, పారిపోతున్న గగూల్‌ను పట్టుకుని ఆపబోయి ఫౌలాటా కత్తిపోటుకి చచ్చిపోతుంది. తన తెల్ల స్నేహితుడు గుడ్‌ని ప్రేమించిన ఆమె పోవడం ఒకందుకు మంచిదే, లేకపోతే చిక్కులొచ్చేవని అతనే తర్వాత అంటాడు.