ఇంట్లోనే నటన – 4వ పాఠం: నడక

పోయిన పాఠంలో ఊరికే నిలబడటం చేశాం. కెమెరా ముందు రెండు నిమిషాలు ఏమీ చేయకుండా నిలబడటం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలిసిపోయి ఉంటుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు, మొహానికి నవ్వు వచ్చేస్తుంది. ఇంకా చేయనివాళ్లు ముందు అది పూర్తి చేయండి. నిలబడటం రానివాళ్లకు నడక రాదు.

ఈ పాఠానికి గురువుగా చార్లీ చాప్లిన్‌ను పెట్టుకుందాం. ఆయన కథ మన దగ్గర మోటివేషన్ క్లాసుల్లో బాగా నలిగిపోయింది. తిండి లేని పిల్లవాడు, ఆ తర్వాత ప్రపంచమంతా తెలిసిన స్టారు, మధ్యలో ‘కష్టం’ అనే ఒక్క మాట. అది విని చప్పట్లు కొట్టొచ్చు గానీ నేర్చుకునేవాళ్లకు దాంట్లో దొరికేది ఏమీ లేదు. మనకు పనికొచ్చేదంతా వాళ్లు దాటేసిన ఆ మధ్య భాగంలోనే ఉంది.

చాప్లిన్ 1889లో లండన్‌లో పుట్టాడు. తల్లి హానా, తండ్రి ఇద్దరూ మ్యూజిక్ హాళ్లలో, అంటే పాటలు, హాస్యం నడిచే స్టేజీల మీద, పాడేవాళ్లు. తండ్రి తాగుడులో పడి ఇల్లు పట్టించుకోలేదు. తల్లికి పాట పాడే గొంతు పోయింది, తర్వాత మతి కూడా చలించింది. 1896లో, ఏడేళ్ల వయసులో, చార్లీ తన అన్న సిడ్నీతో, తల్లితో కలిసి లాంబెత్ వర్క్‌హౌస్‌లో చేరాల్సి వచ్చింది. దిక్కులేనివాళ్లతో పని చేయించుకుని ఇంత తిండి పెట్టే చోటు అది. అక్కడి నుంచి పిల్లలిద్దరినీ హాన్‌వెల్‌లోని బడికి పంపారు. ఆ తర్వాత పేపర్లు అమ్మాడు, ప్రింటింగ్ ప్రెస్సులో చేశాడు, బొమ్మలు చేసి అమ్మాడు.

ఈ కష్టాల జాబితాలో నటన ఎక్కడా లేదు. అది ఒక కిటికీ దగ్గర ఉంది. హానా కిటికీలోంచి వీధిలో పోయేవాళ్లను చూస్తూ పిల్లలకు చెప్పేది: అదిగో ఆయన కాళ్లు ఈడుస్తూ వస్తున్నాడు, బూట్లకు పాలిష్ లేదు, మొహం చిటపటలాడుతోంది, పెళ్లాంతో గొడవపడి ఏమీ తినకుండా బయటపడ్డట్టున్నాడు. చెప్పడమే కాదు, ఆ మనిషిలాగా చేసి చూపించేది. మనుషుల్ని ఎలా చూడాలో తల్లి దగ్గరే నేర్చుకున్నానని చాప్లిన్ తర్వాత చెప్పుకున్నాడు.

తొమ్మిది, పదేళ్లప్పుడు చెక్క అడుగుల చెప్పులతో నాట్యం చేసే పిల్లల బృందంలో చేరాడు. తాళం తప్పితే చెక్క చప్పుడు పట్టిస్తుంది కాబట్టి అక్కడ పాదం మీద అదుపు రాక తప్పదు. 1903లో షెర్లాక్ హోమ్స్ నాటకంలో పనికుర్రాడి వేషం దొరికింది. అప్పటికి చదవడం సరిగా రాదు, సిడ్నీ చదివి వినిపిస్తే డైలాగులు బట్టీ పట్టాడు. 1908లో ఫ్రెడ్ కార్నో హాస్య బృందంలో చేరాడు. ఆ బృందంతో అమెరికా వెళ్లినప్పుడు సినిమావాళ్ల కంట పడ్డాడు. 1913 చివర్లో వారానికి 150 డాలర్ల మీద కీస్టోన్ కంపెనీలో చేరాడు. 1914 ఫిబ్రవరిలో, ఆ బిగుతు కోటు, వదులు ప్యాంటు, పెద్ద బూట్ల బికారి పాత్ర మొదటిసారి తెర మీదికి వచ్చేనాటికి చాప్లిన్‌కు 24 ఏళ్లు. అంటే స్టేజీ మీద దాదాపు 15 ఏళ్ల పని అప్పటికే ఒంట్లో ఉంది. రెండేళ్లు తిరిగేసరికి, 1916లో, వారానికి 10,000 డాలర్లకు వేరే కంపెనీతో ఒప్పందం రాసుకున్నాడు. డబ్బు సంగతి ఇక్కడితో చాలు.

ఇంకొక్క విషయం చెప్పి పనిలోకి వెళ్దాం. ఆ సినిమాల్లో మాట లేదు కాబట్టి భాష అడ్డం రాలేదు. ఆడిషన్‌కు పోతే తన యాస విని నవ్వుతారేమోనని పరకాల నుంచో నర్సంపేట నుంచో వచ్చే పిల్లలు టెన్షన్ పడుతుంటారు. మన కరీంనగర్ పైడి జైరాజ్ బొంబాయిలో నిలదొక్కుకుంది కూడా 1929 నుంచి మూకీ సినిమాల్లోనే, ఆ తర్వాతే మాటల సినిమాలు. 1980కి గాను దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. యాస సంగతి పదో పాఠంలో చూద్దాం. అప్పటిదాకా నోరు కట్టేసుకోండి.

మొదటి పని: చూడటం

మనకు హానా కిటికీ కన్నా మంచి చోట్లు ఉన్నాయి. మిర్చి సీజన్ అయితే వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు పొద్దున్నే వెళ్లండి. లేకపోతే మీ దగ్గర్లోని లేబర్ అడ్డా, హన్మకొండ బస్టాండు, కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫాం. ఒక అరగంట కూర్చోండి. మొహాలు చూడకూడదు, ఒళ్లు కదిలే తీరు మాత్రమే చూడాలి. మొహం చూస్తే కథ అల్లేస్తారు, కాళ్ల మీద చూపు నిలవదు.

నోటుబుక్కులో రాసుకోవాల్సినవి నాలుగే. బరువు ఎక్కడ ఉంది? ఒంట్లో ఏ భాగం ముందు వెళ్తోంది, కడుపా, ఛాతీయా, తలా, మోకాలా? పాదం నేల మీద ముందు ఎక్కడ పడుతోంది, మడమా, వేళ్లా, మొత్తం ఒకేసారా? నడక వేగం ఎక్కడ మారింది, ఎందుకు?

ఎనుమాములలో హమాలీని చూడండి. బస్తా వీపు పైభాగాన, మెడకు ఆనుకుని ఉంటుంది. తల వంగి ఉంటుంది, అందుకే నాలుగడుగుల దూరం మాత్రమే కనిపిస్తుంది. మోకాళ్లు కాస్త వంచే ఉంచుతాడు, అడుగులు పొట్టి, పాదం మొత్తం ఒకేసారి నేలకు తగులుతుంది. ఇదంతా మీకు ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. అసలు చూడాల్సింది ఆ తర్వాత. బస్తా దించి ఖాళీగా వెనక్కి వచ్చేటప్పుడు మొదటి కొన్ని అడుగులు ఇంకా బస్తా కిందే ఉన్నట్టు వేస్తాడు. అప్పుడు నడుం మీద చెయ్యి పడుతుంది, వెన్ను లేస్తుంది, మనిషి పొడుగవుతాడు. నటుడికి కావాల్సింది ఆ మారే చోటు.

అదే యార్డులో తన మిర్చి కుప్ప పక్కన నిలబడ్డ రైతును, ఖరీదుదారును కూడా చూడండి. ఖరీదుదారు నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని, విరిచి, పడేసి, ఆగకుండా పక్క కుప్పకు పోతాడు. రైతు రెండడుగులు ఆయన వెంట వేసి ఆగిపోతాడు. ధర గురించి ఒక్క మాట వినకపోయినా ఆ రెండడుగుల్లో మీకు అర్థం కావాలి.

రాసేటప్పుడు ‘అలసిన నడక’, ‘గర్వంగా నడిచాడు’ అని రాయకండి. అలసట ఎవరూ చేసి చూపించలేరు. ‘ఎడమ చెప్పు నేలకు రాస్తోంది, కుడి భుజం కిందికి దిగింది’ అని రాస్తే ఇంటికి వెళ్లి చేయొచ్చు. ఎవరినీ ఫోన్‌లో తీయకండి. అడగకుండా తీయడం తప్పు, పైగా వీడియో ఉందన్న ధీమాతో కళ్లు పనిచేయడం మానేస్తాయి. కాలు బాగాలేనివాళ్ల నడకను నవ్వుల కోసం తీసుకోవద్దు, ఈ పాఠాల్లో అలాంటి కామెడీకి చోటు లేదు.

ఈ పనినే మన వరంగల్‌లో చెవితో చేసినాయన నేరెళ్ల వేణుమాధవ్. 1971లో ఐక్యరాజ్య సమితి దాకా వెళ్లి మిమిక్రీ చేసిన గొంతు అది. గొంతు మార్చడం తర్వాతి సంగతి, ముందు ఎదుటివాళ్ల మాట ఎక్కడ తెగుతోందో, ఎక్కడ ఊపిరి పీలుస్తున్నారో వినాలి. నడకలోనూ అంతే.

రెండో పని: ఒంట్లోకి తెచ్చుకోవడం

డాబా మీద పది అడుగుల ఖాళీ జాగా చాలు. ఫోన్‌ను నడుము ఎత్తులో ఏదైనా స్టూలు మీద ఆనించి పెట్టండి. పాదాల నుంచి తల దాకా ఫ్రేములో ఉండాలి. పాదాలు తెగిపోతే ఈ పాఠమే లేదు.

ముందు మీ సొంత నడక తీసుకుని చూడండి. చాలామందికి అది చూడబుద్ధి కాదు, కానీ చూడాలి. తర్వాత నోటుబుక్కులోని మనిషిని ఒకేసారి మొత్తం దించేయకుండా, పాదాలు మాత్రం తీసుకుని నడవండి. పాదం కుదిరాక మోకాలు, ఆ తర్వాత నడుము, చివర్లో భుజాలు, తల. పైనుంచి మొదలుపెడితే వచ్చేది వేషమే, మనిషి రాడు. నడక కుదిరిందనిపించాక దాన్ని సగానికి తగ్గించండి. మళ్లీ సగానికి. స్టేజీ మీద ఒగ్గు కథకుడు చివరి వరసలో కూర్చున్నవాళ్లకూ కనపడాలి కాబట్టి పెద్దగా చేస్తాడు. ఫోన్ కెమెరా మీ ముక్కు ముందే ఉంటుంది.

మూడో పని: ఎదురుగుణం

చాప్లిన్ వేషాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కోటు బిగుతు, ప్యాంటు వదులు, టోపీ చిన్నది, బూట్లు పెద్దవి. ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు. మనిషి బికారి, మర్యాదలు మాత్రం దొరవి. ఆ నడక మనకు ఇన్నేళ్లకూ గుర్తుందంటే కాళ్లు వంకర పెట్టడం వల్ల కాదు, ఆ బూట్లతోనే హుందాగా నడవాలని ఆయన పడే తాపత్రయం వల్ల. కార్నో బృందంలో ఆయనకు పేరు తెచ్చింది తాగుబోతు వేషం. తూలుతూ నడిస్తే ఎవరూ నవ్వరని, తాను తాగలేదని చూపించుకోవడానికి తంటాలు పడితేనే నవ్వుతారని ఆయనకు అక్కడే తెలిసింది. మన షార్ట్ ఫిల్ముల్లో తాగుబోతులందరూ తూలేవాళ్లే, ఒక్కడైనా నిటారుగా నడవడానికి ప్రయత్నించడు. చూసి చూసి విసుగొచ్చింది.

మీ హమాలీకి కొత్త చొక్కా తొడగండి. మడతలు ఇంకా పోని చొక్కా, బిడ్డ పెళ్లిచూపులు, ఎదురుగా వియ్యాలవారు. వీపు వంగే అలవాటు వీపుకు ఉంటుంది, నిటారుగా ఉండాలన్న పట్టుదల మనిషికి ఉంటుంది. ఆ రెంటి మధ్య పది అడుగులు నడిచి చూడండి.

నాలుగో పని: ఒక నిమిషం

దృశ్యం ఇది. ఒకాయన చుట్టాలింటికి చేబదులు అడగడానికి వస్తాడు. గేటు దాకా వస్తాడు, అడగకుండానే వెనక్కి వెళ్తాడు. మాట లేదు, ఇంకో పాత్ర లేదు, కట్ లేదు. మీకు ఉన్నవల్లా వచ్చే నడక, ఆగడం, తిరిగి వెళ్లే నడక. వెళ్లే నడక వచ్చిన నడకలా ఉండకూడదు.

కన్నీళ్లు తుడుచుకోవడం, ఖాళీ జేబు లాగి చూపించడం లాంటివి వద్దు. మరి డబ్బు కోసమే వచ్చాడని ఎలా తెలుస్తుంది? ఇలాంటి చిక్కే చాప్లిన్‌కు ‘సిటీ లైట్స్’లో ఎదురైంది. పూలమ్మే గుడ్డి అమ్మాయి ఆ బికారిని ధనవంతుడు అనుకోవాలి. సినిమాలో మాట లేదు, అమ్మాయికి చూపు లేదు. ఆ ఒక్క దృశ్యం తెగక మళ్లీ మళ్లీ తీశాడు, నెలలు గడిచాయి. చివరికి దొరికింది: రోడ్డు దాటడానికి దారిలేక ఆగి ఉన్న కారులో ఒకవైపు ఎక్కి అమ్మాయి ఉన్న వైపు దిగుతాడు, తలుపు మూసిన చప్పుడు ఆమె వింటుంది. మాట అక్కర్లేకుండా ఒక పని పనిచేసి పెట్టింది. 1928 చివర్లో షూటింగ్ మొదలైన సినిమా 1931లో విడుదలైంది.

మీ దృశ్యానికి అలాంటి పని ఒకటి వెతకండి. గేటు బయట కొత్త బండి నిలిపి ఉండటం చూసి ఆయన తన చెప్పులకు అంటిన మట్టిని నేలకు రాసి వదిలించుకుంటాడనుకోండి. అది నేను చెప్పేశాను కాబట్టి వాడొద్దు, మీది మీరు వెతుక్కోండి.

తీశాక సౌండ్ తీసేసి ఇంట్లో ఎవరికైనా చూపించండి, ముందే ఏమీ చెప్పకుండా. అమ్మకు చూపిస్తే మంచిది, స్నేహితులు మొహమాటానికి బాగుందంటారు. ‘ఈయన ఎందుకొచ్చిండు?’ అని అడిగితే మళ్లీ తీయాలి. ‘అయ్యో, అడగకుండనే పోయిండా’ అంటే వచ్చే పాఠానికి రండి.

ఈ వారం చూడటానికి: చాప్లిన్ ఆ వేషంతో కనిపించిన తొలి సినిమాల్లో ఒకటి, ‘కిడ్ ఆటో రేసెస్ ఎట్ వెనిస్’, పిల్లల కార్ల పందెం మీద ఉంటుంది, ఆరేడు నిమిషాలే. పందెం తీస్తున్న కెమెరాకు ఈ మనిషి అడ్డం వస్తూనే ఉంటాడు. యూట్యూబ్‌లో దొరుకుతుంది. మొదటిసారి నవ్వడానికి చూడండి, రెండోసారి పాదాలు మాత్రమే చూడండి.

వచ్చే పాఠం చేతుల మీద. దానికి ఒక స్టీలు చెంబు, ఒక తువ్వాలు సిద్ధం చేసుకోండి.