మాడిఫై చేసిన సెకండ్‌హ్యాండ్ టర్బో కారు: లక్షణం, కారణం, రిపేరు

ఆక్టేవియా వీఆర్ఎస్, ఆక్టేవియా 1.8 టీఎస్ఐ, పోలో జీటీ టీఎస్ఐ, పోలో జీటీఐ, అబార్త్ పుంటో. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు అమ్మకానికి తిరిగే టర్బో పెట్రోలు బళ్లలో ఎక్కువగా కనబడేవి ఇవే. వీటిలో చేయి పెట్టని బండి దొరకడం కష్టం. ఒకదానికి రీమ్యాప్ (పవరు పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం), ఒకదానికి డబ్బా లేని ఓపెన్ ఫిల్టర్, ఇంకోదానికి సైలెన్సర్ మార్పు, కొన్నిటికి మూడూ.

ఇలాంటి బండిలో తేడా రాగానే ఊళ్లో షెడ్డుకు తీసుకెళ్తే చాలాసార్లు వినబడే మాట "టర్బో పోయింది". నిజంగా టర్బో పోయిన బళ్లు తక్కువ. పాత ఓనరు ఎక్కడెక్కడ పానా పెట్టాడో ముందు అక్కడ వెతకాలి. వరుస ఇది: పైపులు, క్లిప్పులు, ప్లగ్గులు, సెన్సర్ వైరింగ్, పెట్రోలు, గేరుబాక్సు, ఆ తర్వాతే టర్బో.

కొనక ముందు

ముందురోజే ఫోన్‌లో చెప్పండి, మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. పొద్దున వెళ్లి బానెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుకోవచ్చు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు దాటి గొలుసు గలగల వినిపిస్తే టైమింగ్ చైన్ టెన్షనర్ (ఆ గొలుసును బిగువుగా ఉంచేది) అనుమానం. పాత 1.8 టీఎస్ఐ ఇంజిన్లకు ఇది తెలిసిన జబ్బు. చైన్ పళ్లు దాటితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, హెడ్ విప్పాలి. స్కానర్‌లో పీ0016 కోడ్ కూడా ఉంటే బేరం ఆపేయండి.

తర్వాత స్కానర్. "అన్నా, మీటర్ల ఒక్క లైటు గూడ లేదు సూడు" అన్న మాటకు విలువ లేదు, కోడ్‌లు చెరపడానికి నిమిషం చాలు. మీరు చూడాల్సింది కోడ్‌లు చెరిపిన తర్వాత తిరిగిన కిలోమీటర్లు, రెడీనెస్ మానిటర్లు (కంప్యూటర్ తన పరీక్షలు పూర్తిచేసిందో లేదో చెప్పేవి). మామూలు బ్లూటూత్ ఓబీడీ అడాప్టరు, ఫోన్‌లో యాప్ ఉన్నా ఇవి కనబడతాయి. చెరిపి 20 కిలోమీటర్లే అయి, మానిటర్లు ఇంకా పూర్తికాకపోతే నిన్నో మొన్నో చెరిపారన్న మాట. వారం తర్వాత మళ్లీ వస్తానని చెప్పండి.

ఎయిర్ ఫిల్టరు విప్పి, ఫిల్టరు దాటాక టర్బో వైపు వెళ్లే పైపులో వేలు పెట్టి తుడవండి. పల్చటి ఆయిల్ తడి అంటితే మామూలే. ఎర్రదుమ్ము అంటితే ఆ ఇంజిన్ ఎన్నాళ్లుగానో మట్టి తింటోంది. క్రషర్లు, చెల్క నేలల మధ్య తిరిగే బండికి నాసిరకం కోన్ ఫిల్టరు పెడితే జరిగేది ఇదే. టార్చి వేసి టర్బో కంప్రెసర్ రెక్కల అంచులు చూడండి. అంచులు అరిగి గరుకుగా ఉంటే సిలిండర్ గోడలూ గీసుకుపోయి ఉంటాయి, కంప్రెషన్ కొలవకుండా ముందుకు పోవద్దు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.8, 2.0 ఇంజిన్లకు కొత్తలో 11 నుంచి 14 బార్ ఉంటుంది. అరుగుదల హద్దు 7 బార్, సిలిండర్ల మధ్య తేడా 3 బార్ మించకూడదు. మా లెక్కలో మాత్రం తేడా 1.5 బార్ దాటితే మాడిఫైడ్ బండి కొనదగ్గది కాదు.

రోడ్డు పరీక్షకు నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే, జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే బాగుంటాయి. ఖాళీగా ఉన్నచోట మూడో గేరులో 1,800 ఆర్‌పీఎం నుంచి 4,000 దాకా ఫుల్ రేస్ ఇవ్వండి. స్పీడు లిమిట్ దాటనక్కర్లేదు. పక్కన కూర్చున్న మనిషి నాలుగు విలువలు రికార్డ్ చేయాలి: ఇంజిన్ అడిగిన బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి), వచ్చిన బూస్ట్, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, సిలిండర్ల వారీగా ఇగ్నిషన్ రిటార్డ్ (కంప్యూటర్ స్పార్కును ఎంత వెనక్కి లాగుతోందో). కింద చెప్పిన సగం సమస్యలు ఈ రికార్డులోనే బయటపడతాయి.

బండి గుంజట్లేదు, కోడ్ పీ0299

అడిగిన బూస్ట్ కంటే వచ్చిన బూస్ట్ 0.2 బార్‌కు మించి తక్కువ ఉంటే గాలి ఎక్కడో కారుతోంది, లేదా టర్బో పూర్తిగా తిరగట్లేదు. మొదటిదే ఎక్కువ.

లీకు పట్టడానికి ఖరీదైన మిషను అక్కర్లేదు. టర్బోలోకి వెళ్లే రబ్బరు పైపు సైజుకు శానిటరీ షాపులో పీవీసీ ఎండ్ క్యాప్ కొని, మధ్యలో రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించండి. ఇంజిన్ ఆపి, ఫిల్టరు పైపు విప్పి, ఈ క్యాప్‌ను టర్బో ముందున్న పైపులో క్లిప్పుతో గట్టిగా బిగించాలి. క్రాంక్‌కేసులోకి గాలి పోకుండా పీసీవీ పైపు (క్రాంక్‌కేసు ఆవిరిని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) మూసేయండి, లేకపోతే డిప్‌స్టిక్ దగ్గర వచ్చే చప్పుడు తప్పుదారి పట్టిస్తుంది. రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్‌తో ముందు 0.5 బార్, తర్వాత 1 బార్, అంటే సుమారు 15 పీఎస్ఐ. అంతకు మించితే సీళ్లకు ప్రమాదం. క్యాప్ ఊడితే రాయిలా వస్తుంది, ఎదురుగా నిలబడొద్దు. ఇప్పుడు ప్రతి జాయింటు మీద సబ్బునీళ్లు చల్లండి.

బుడగలు ఎక్కువగా వచ్చేచోట్లు: ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లబరిచేది) ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియానికి కలిసే అంచు, థ్రాటిల్ బాడీ దగ్గరి ఓ-రింగు, బ్లోఆఫ్ వాల్వు కోసం పెట్టిన అడాప్టర్ ప్లేటు, సిలికాన్ పైపు చివరలు. సిలికాన్ పైపు లోపల ఆయిల్ ఉంటే క్లిప్పు ఎంత బిగించినా బూస్ట్ వచ్చినప్పుడు జారిపోతుంది. విప్పి, రెండువైపులా బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఆరబెట్టి, స్క్రూ క్లిప్పు బదులు టీ-బోల్ట్ క్లాంపు వేయండి.

లీకు లేకపోతే డైవర్టర్ వాల్వు (రేస్ వదిలినప్పుడు మిగిలిన గాలిని వెనక్కి మళ్లించేది) విప్పండి. పాత రకంలో రబ్బరు డయాఫ్రమ్ చిరుగుతుంది, చేత్తో నొక్కి చూస్తేనే తెలుస్తుంది. అదీ బాగుంటే వేస్ట్‌గేట్ (టర్బోను అతిగా తిరగనివ్వని తలుపు) కడ్డీ ఇరుక్కుందా, పూర్తిగా మూసుకుంటోందా చూడాలి.

ఇంకొకటి చాలామంది చూడరు. మ్యాప్ సెన్సర్ (బూస్ట్ కొలిచేది) వైరు వెంట వెళ్లి చూడండి. మధ్యలో నల్ల టేపు చుట్టిన చిన్న డబ్బా ఉంటే అది ట్యూనింగ్ బాక్స్. అది సెన్సర్ విలువను తగ్గించి చూపి, ఇంజిన్ కంప్యూటర్‌తో ఎక్కువ బూస్ట్ ఇప్పిస్తుంది. అది ఉన్నంతసేపు స్కానర్‌లో కనబడే బూస్ట్ అంకె నిజం కాదు. తీసేసి, ఒరిజినల్ ప్లగ్ పెట్టి, మళ్లీ మొదటి నుంచి కొలవండి.

గేరు మార్చేటప్పుడు తడబాటు, నల్ల పొగ

గాలిని బయటికి వదిలే బ్లోఆఫ్ వాల్వు పెట్టిన బండికి మాఫ్ సెన్సర్ (లోపలికి వచ్చే గాలిని లెక్కపెట్టేది) కూడా ఉంటే ఇది ఖాయం. సెన్సర్ లెక్కపెట్టిన గాలి లోపలికి పోకుండా బయటికి పోతుంది, పెట్రోలు మాత్రం ఆ లెక్కకే పడుతుంది. "ప్స్స్" చప్పుడు మీద మోజు వదులుకుని ఒరిజినల్ వాల్వు పెట్టించండి. వేరే మందు లేదు.

ఫుల్ రేస్‌లో కుదుపులు, మిస్‌ఫైర్

నెమ్మదిగా నడిపితే బాగుండి, బూస్ట్ ఎక్కగానే దగ్గినట్టు అయితే ముందు ప్లగ్గులు. ఒత్తిడి పెరిగినకొద్దీ స్పార్కు దూకడం కష్టమవుతుంది. రీమ్యాప్ చేసిన బండికి గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. ఉండాలి, ప్లగ్గు ఒక మెట్టు చల్లటి రకం కావాలి. 20,000 కిలోమీటర్లకోసారి మార్చేయండి. ప్లగ్గులు కొత్తవైనా ఒకే సిలిండర్ మిస్ అవుతుంటే ఆ కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. కోడ్ కూడా దాంతో పాటు జరిగితే తప్పు కాయిల్‌ది.

కుదుపు 4,500 పైన మాత్రమే వస్తుంటే ఫ్యూయల్ ప్రెషర్ రికార్డ్ చేయండి. అడిగిన ప్రెషర్ కంటే వచ్చింది పడిపోతుంటే పెట్రోలు పంపు చాలట్లేదు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు గాలి నిష్పత్తి మారుతుంది కాబట్టి పాత బండిలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం సర్దుతోందో) కొద్దిగా ప్లస్‌లో ఉండటం సహజం. అది 10 శాతం దాటితే పెట్రోలును తిట్టడం ఆపి గాలి లీకు వెతకండి.

పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం డల్

మే నెలలో నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలు. ఆ గాలిని టర్బో నొక్కితే ఇంకా వేడెక్కుతుంది. లోపలికి వెళ్లే గాలి 60 డిగ్రీలు దాటిందంటే కంప్యూటర్ ఇగ్నిషన్ వెనక్కి లాగుతుంది, బండి బరువెక్కుతుంది. ఇది జబ్బు కాదు, ఇంజిన్ తనను తాను కాపాడుకోవడం. కానీ హైవే మీద 80లో వెళ్తున్నప్పుడు కూడా బయటి కంటే 15 డిగ్రీలకు మించి ఎక్కువ చూపిస్తుంటే కారణం వెతకాలి.

ముందు బంపరు జాలి వెనక చూడండి. పత్తి లారీలు తిరిగే నెలల్లో దూది, రోడ్ల మీద వడ్లు ఆరబోసే రోజుల్లో పొట్టు, గడ్డిపోచలు ఇంటర్‌కూలర్ రెక్కల్లో ఇరుక్కుంటాయి. మామూలు వాటర్ వాష్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. తక్కువ ప్రెషర్‌తో, ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగాలి. బానెట్ కింద షీల్డు లేకుండా పెట్టిన ఓపెన్ ఫిల్టరు ఇంజిన్ వేడినే మింగుతుంది. ఇక్కడి ఎండకు, దుమ్ముకు కంపెనీ ఫిల్టరు డబ్బానే మేలు, పవరు తేడా చాలా కొద్ది.

ఇక రీమ్యాప్ ఏ పెట్రోలుకు రాశారో అడగండి. 95 ఆక్టేన్‌కు రాసిన మ్యాప్‌లో 91 పోస్తే నాక్ (సిలిండర్‌లో పెట్రోలు వేళ కాకుండా పేలడం) వస్తుంది. ఇగ్నిషన్ రిటార్డ్ రెండు మూడు డిగ్రీలైతే పర్వాలేదు. ఆరు దాటి పదేపదే వస్తుంటే ఆ బండిని ఫుల్ రేస్‌లో నడపొద్దు, పిస్టన్ రింగు అంచులు విరుగుతాయి. మీ ఊళ్లో 95 రోజూ దొరక్కపోతే మ్యాప్‌ను 91కి తగ్గించి రాయించుకోండి.

పొగ, ఆయిల్ తాగడం

నీలి పొగ కనబడగానే టర్బో బేరం మొదలుపెట్టొద్దు. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ మూత విప్పండి. మూత లోపలికి గుంజుకుని రాకుండా మొండికేసినా, విప్పగానే అప్పటిదాకా వినిపించిన ఈల చప్పుడు ఆగి ఇంజిన్ తడబడినా పీసీవీ వాల్వులో డయాఫ్రమ్ చిరిగింది. టర్బోతో పోలిస్తే అది చిన్న ఖర్చు. పీసీవీ బాగుంటే టర్బో ఆయిల్ రిటర్న్ పైపు మూసుకుందేమో చూడాలి. చివరగా టర్బో ఇరుసు: అడ్డంగా కొంచెం కదిలితే సరే, ముందుకు వెనక్కు కదిలినా, రెక్క గోడకు తగిలిన గీత ఉన్నా టర్బో పోయినట్టే.

వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఆయిల్ తాగడం కంపెనీ లెక్కలో మామూలే. పాత 1.8లో అంతకు మించితే రింగుల పని. ట్యూన్ చేసిన బండికి 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్, ఫోక్స్‌వ్యాగన్ 502.00 గుర్తు ఉన్నది, 7,500 కిలోమీటర్లకే మార్చండి.

తెల్ల పొగ తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్ సిలిండర్‌లోకి పోతోంది. హెడ్ గాస్కెట్ పరీక్ష చేయించకుండా కొనొద్దు.

టెంపరేచర్ పెరగడం

కూలెంట్ తగ్గిన ప్రతిసారీ బోరు నీళ్లు పోసిన బళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. మన గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్ల పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మూత తీసి మెడ దగ్గర చూడండి: తెల్ల పొరగానీ, తుప్పు రంగుగానీ ఉంటే రేడియేటర్, హీటర్ కోర్ ఫ్లష్ చేయించాలి. తర్వాత కంపెనీ చెప్పిన జీ12 లేదా జీ13 కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. 1.8, 2.0 ఇంజిన్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉండే వాటర్ పంపు, థర్మోస్టాట్ ప్లాస్టిక్ హౌసింగ్ కారుతుంది. గులాబీ రంగు ఎండిన మరక అక్కడ కనిపిస్తే హౌసింగ్ మొత్తం మార్చడమే, అతికించడం నిలవదు.

డీఎస్‌జీ గేరుబాక్సు

ధర తేల్చేది ఈ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సే. ఆక్టేవియా 1.8, పోలో జీటీఐ, పోలో జీటీ టీఎస్ఐలలో ఉన్న ఏడు గేర్ల డ్రై క్లచ్ డీక్యూ200 తట్టుకునేది 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఆక్టేవియా 1.8 కంపెనీ నుంచే 250 ఇస్తుంది. అంటే దానికి ఏ రీమ్యాప్ చేసినా గేరుబాక్సు హద్దు దాటినట్టే. పోలో జీటీ టీఎస్ఐ అసలు ఇచ్చేది 175, కాబట్టి స్టేజ్ 1కు (మొదటి మెట్టు రీమ్యాప్‌కు) ఇంకా చోటుంది. 2017 వీఆర్ఎస్‌లో ఉన్నది ఆరు గేర్ల వెట్ క్లచ్, గట్టిది, అయితే 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టరు మార్చిన బిల్లు చూడాలి.

డీక్యూ200ను హైవే మీద కాదు, క్లాక్ టవర్ సెంటర్ రద్దీలో పరీక్షించాలి. ఒకటి, రెండు, మూడు గేర్ల మధ్య పాకుతూ అరగంట నడపండి. రెండో గేరులో వణుకు వస్తే క్లచ్ అరిగింది. ఎత్తు మీద రివర్స్ తీయండి. మీటర్‌లో గేరు అక్షరం మిణుకుమన్నా, స్కానర్‌లో పీ17బీఎఫ్ ఉన్నా మెకట్రానిక్ యూనిట్‌లో (గేర్లు, క్లచ్‌లు నడిపే భాగంలో) ప్రెషర్ నిలవట్లేదు. లక్ష దాటే పని, ధరలో ఆ మేరకు తగ్గించకపోతే వదిలేయండి.

కాగితాలు

కేఏ (కర్ణాటక) నంబరు బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30, ఫైనాన్స్ ఉండి తీరిపోతే ఫారం 35. ట్యాక్స్ ఎంతవుతుందో అడ్వాన్స్ ఇవ్వకముందే లెక్క వేయించుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాలి.

ఆర్సీలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువులు తగ్గించేది) తీసేసిన బండి అయితే సైలెన్సర్ దగ్గర ముక్కు మండే వాసనే చెబుతుంది. పొల్యూషన్ పరీక్షలో ఇబ్బంది, చెప్పని మార్పులుంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ ఇబ్బందే. అందుకని ఒరిజినల్ కన్వర్టర్, ఫిల్టరు డబ్బా, డైవర్టర్ వాల్వు, కంప్యూటర్ స్టాక్ ఫైలు (రీమ్యాప్‌కు ముందున్న ఒరిజినల్ ప్రోగ్రాం), రీమ్యాప్ బిల్లు, ఇవన్నీ డబ్బులు ఇచ్చే రోజే డిక్కీలో పెట్టించుకోండి. "ఇంట్ల ఉన్నయి, తర్వాత పంపిస్త" అంటే కన్వర్టర్ కొత్తది ఎంతో కనుక్కుని ఆ మొత్తం అక్కడికక్కడే కట్ చేయండి.