మావయ్య జీడిపప్పు కొట్టుకి ఒక్క పేజీ వెబ్‌సైట్: పైసా ఖర్చు లేకుండా, చేత్తో రాసి

పలాస పక్కనున్న కాశీబుగ్గలో మా మావయ్యకి చిన్న జీడిపప్పు కొట్టు ఉంది. బయటూళ్ల నుంచి ఫోన్ చేసేవాళ్లు రోజూ అవే మూడు ప్రశ్నలు అడుగుతారు: ఏ రకాలున్నాయి, కొట్టు ఎక్కడ, పార్సిల్ పంపుతారా. ఆ మూడింటికీ జవాబు దొరికే ఒక్క పేజీ చేసిపెట్టాను. నేను చదివేది బీకాం, వెబ్ డిజైన్ ఇష్టంతో పట్టుకున్న పని. పలాస నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాకా రోజూ పాసింజర్లో వెళ్లొస్తాను, ఈ పేజీలో సగం ఆ బండిలోనే రాశాను. మీ ఇంట్లోనూ ఇలాంటి మావయ్యో, బట్టలు కుట్టే పిన్నో ఉంటారు కదా, వాళ్లకోసం మీరూ చేయొచ్చు.

ముందు కంప్యూటర్ తెరవకండి. కాగితం, పెన్ను పట్టుకుని ఒక గంట కొట్లో కూర్చోండి, ఫోన్లో అవతలివాళ్లు ఏం అడుగుతున్నారో, మనవాళ్లు ఏం చెప్తున్నారో అలాగే రాసుకోండి. నేను అలా కూర్చున్న రోజే అసలు విషయం తెలిసింది. డబ్ల్యూ 180, 210, 240, 320 అని జీడిపప్పులో గ్రేడులుంటాయి. 320 అంటే పెద్ద గింజ అనుకుని అడిగేవాళ్లు చాలామంది. ఆ అంకె ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే లెక్క, కాబట్టి అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది. మావయ్య ఇది రోజుకి పదిసార్లు ఓపిగ్గా చెప్తాడు. పేజీలో మొదటి వాక్యం అదే పెట్టాను. "మా కొట్టుకి స్వాగతం" లాంటివి ఎవరూ చదవరు, తీసేయండి.

ఇప్పుడు రాయడం. ల్యాప్‌టాప్ ఉంటే నోట్‌ప్యాడ్ చాలు, ఫోనే ఉంటే ఎకోడ్ అనే ఎడిటర్ వేసుకోండి. రెడీమేడ్‌గా పేజీ కట్టిచ్చే యాప్‌లు ఉన్నాయి కానీ మొదటి పేజీకి అవి వద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఏదైనా చెడిపోతే ఎక్కడ చెడిందో మనకి తెలియదు, చేత్తో రాసిన యాభై లైన్లలో అయితే ఎక్కడుందో వెతికి పట్టుకోవచ్చు. ఇంకో లాభం, ఇలాంటి పేజీ రాయడానికి నెట్ అక్కర్లేదు. దారిలో సిగ్నల్ పోయినా పని ఆగదు.

పేజీ రాసేది హెచ్‌టీఎంఎల్ అనే గుర్తుల భాషలో, ఆ గుర్తుల్నే ట్యాగులంటారు. ఫైల్ పైభాగంలో, హెడ్ ట్యాగ్ (పేజీ గురించి బ్రౌజర్‌కి చెప్పే భాగం) లోపల, ముందుగా పెట్టాల్సింది మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8, అంటే అక్షరాలని ఏ పద్ధతిలో దాచామో చెప్పే లైను (ట్యాగుల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి). నా మొదటి పేజీలో ఇది మర్చిపోయాను. మావయ్య పేరు ఉండాల్సిన చోట, నెత్తిమీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే 'ఎ', ఇలా లైను పొడుగునా వచ్చాయి. రాత్రి పన్నెండు దాకా ఫాంటు మార్చి మార్చి చూశాను, తప్పు ఫాంటుది కాదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి. 'శ్రీ' మనకి ఒక్క అక్షరంలా కనపడుతుంది కానీ లోపల శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు గుర్తులు, మొత్తం పన్నెండు బైట్లు. ఆ లైను లేకపోతే బ్రౌజర్ ఈ బైట్లని విడివిడి ఇంగ్లీషు అక్షరాలనుకుని చూపించేయవచ్చు. ఆ లైను ఫైల్ మొదటి 1024 బైట్లలోనే ఉండాలి, అందుకే హెడ్‌లో అన్నిటికంటే పైన పెట్టేయండి.

దాని కింద వ్యూపోర్ట్ లైను, వెడల్పు "డివైస్ విడ్త్" అని. అది లేకపోతే ఫోన్ మీ పేజీని 980 పిక్సెళ్ల కంప్యూటర్ తెర అనుకుని కుదించి చూపిస్తుంది, అక్షరాలు చీమల్లా కనపడతాయి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో లాంగ్ దగ్గర టీఈ అని రాయండి, పేజీ తెలుగులో ఉందని బ్రౌజర్‌కీ, చూపులేనివాళ్లకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కీ తెలుస్తుంది.

డీటీపీ షాపులో కొట్టించిన పాత కరపత్రం నుంచి తెలుగు కాపీ చేసి అతికించొద్దు. అక్కడ పాత పద్ధతి ఫాంట్లు వాడి ఉంటే ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడిగి ఉంటాయి, వెబ్‌లోకి రాగానే ఆ తొడుగు ఊడిపోయి అర్థంలేని గుర్తులు మిగులుతాయి. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి, వత్తుల దగ్గర తప్పులు వస్తాయి. ఒక పేజీయే కదా, ఫోన్ కీబోర్డులో మళ్లీ టైప్ చేసుకోవడమే మేలు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అక్షరాల రూపం. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు గిడుగు, ఇంకోదాని పేరు గురజాడ. గిడుగు రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు, గురజాడ అప్పారావు గారిది విజయనగరం. మాట్లాడే తెలుగులోనే రాయాలని పట్టుబట్టిన ఆ ఇద్దరి పేర్లూ ఫాంట్ల జాబితాలో పక్కపక్కనే చూసినరోజు నాకు ఎంత సంతోషం వేసిందో. హెడ్డింగ్‌కి గిడుగు పెట్టాను. మిగతా పేజీకి మాత్రం ఏ ఫాంటూ దించుకోలేదు. వత్తులూ గుణింతాలూ కలిసిన రూపాలు ఎక్కువ కాబట్టి తెలుగు ఫాంట్లు బరువుగా ఉంటాయి, ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో సాన్స్ తెలుగు ఎలాగూ ఉంటుంది.

పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే సీఎస్ఎస్‌లో లైన్ హైట్ (లైన్ల మధ్య ఎడం) 1.7 పెట్టండి. ఇంగ్లీషుకి సరిపోయే 1.2 మనకి ఇరుకు, పైలైను 'స్త్రీ'లో వత్తులు కిందలైను గుడిదీర్ఘాలకి గుద్దుకుంటాయి. బటన్లకి ఎత్తు పిక్సెళ్లలో బిగించకండి, "పార్సిల్స్" అని రాస్తే అడుగున స వత్తు తెగిపోయి కనపడింది నాకు. పైనా కిందా పేడింగ్, అంటే కాస్త ఖాళీ, ఇచ్చి వదిలేస్తే బటనే సర్దుకుంటుంది. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) జోలికి పోవద్దు. రెండు అంచులూ సమానంగా సాగదీసే జస్టిఫై కూడా వద్దు, మన మాటలు పొడుగు కాబట్టి మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి.

ఫొటోలు పగటి వెలుగులో తీయండి, గుండ్లు ఒక పళ్లెంలో, బద్దలు ఒక పళ్లెంలో. ఫోన్ తీసిన ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది, వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గించి వెబ్‌పీ అనే ఫొటో రకంలో సేవ్ చేస్తే నావి ఒక్కోటీ 200 కేబీ లోపు వచ్చాయి.

పేజీని నెట్‌లో పెట్టడానికి గిట్‌హబ్ పేజెస్ అనే సర్వీసు ఉచితం. అకౌంట్ తెరిచి, రిపాజిటరీ (ఫైళ్లు ఉంచే ఫోల్డర్ లాంటిది) చేసి, ఫైల్ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని అన్నీ చిన్న అక్షరాల్లో పెట్టి అప్‌లోడ్ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో పేజెస్ ఆన్ చేస్తే కాసేపట్లో లింకు వస్తుంది. ఫొటో పేరు చివర జేపీజీ అని పెద్ద అక్షరాల్లో, కోడ్‌లో చిన్న అక్షరాల్లో ఉంటే విండోస్ ల్యాప్‌టాప్‌లో కనపడుతుంది, నెట్‌లో కనపడదు. అన్ని పేర్లూ చిన్న అక్షరాల్లోనే పెట్టుకోండి.

ధరలు పేజీలో రాయాలా? మొదట టేబుల్ కట్టి రాశాను, వారానికే మారిపోయాయి. పాత రేటు చూసి ఫోన్ చేసినావిడతో మావయ్య నొచ్చుకుంటూ మాట్లాడటం విన్నాక ఆ వరుస తీసేశాను. రోజూ మార్చగలిగితేనే ధర పెట్టండి, పక్కన తేదీ తప్పకుండా ఉండాలి.

అంతా అయ్యాక మీ ఫోన్లో కాదు, వాళ్ల ఫోన్లో చూడండి. మావయ్య ఫోన్లో అక్షరాల సైజు బాగా పెంచి ఉంటుంది, తెరమీద చిన్న గీత కూడా ఉంది. చేతికివ్వగానే పైకీ కిందకీ జరిపి, "ఏటమ్మీ ఇది, నా నంబరేదీ?" అన్నాడు. నంబరు అట్టడుగున పెట్టాను. అక్కడే కొట్లో కూర్చుని పైకి తెచ్చాను, రెండు బటన్లు: ఒకటి నొక్కితే కాల్ వెళ్లేలా టెల్ లింకు, రెండోది వాట్సాప్‌కి డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్, 91, తర్వాత పది అంకెలు. ప్లస్ గుర్తు, ముందు సున్నా ఏమీ వద్దు.

ఆ తర్వాత మావయ్య ఒకటే అడిగాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పడిపోయి, మళ్లీ వేసిన తోట ఫొటో ఒకటి పెట్టమన్నాడు. గ్రేడుల టేబుల్ కిందే పెట్టాను, 180 కేబీ.