కత్తిపీట నుంచి డ్రిల్లు దాకా: విమానంలో పదునైన సామాను ఎలా సర్దుకోవాలి?

బెంగళూరులో కాపురం పెట్టిన తెలుగువాళ్లు విమానంలో ఊరికి వెళ్లొస్తే సూట్‌కేసులో బట్టలతో పాటు ఇనుమూ ప్రయాణం చేస్తుంది. అటు నుంచి కత్తిపీట, కొబ్బరి కోరాం. ఇటు నుంచి ఎస్పీ రోడ్డులో కొన్న డ్రిల్లు, స్పానర్లు.

మా అమ్మ ఒకసారి వక్కల సంచీని చేతి బ్యాగులోనే పెట్టుకుంది. కెంపేగౌడ విమానాశ్రయంలో స్కానర్ దాటగానే ఆ ట్రే పక్కకు వెళ్లింది. సంచీ విప్పితే నానమ్మ నాటి ఇత్తడి అడకత్తెర. చెకిన్ కౌంటర్ అప్పటికే మూసేశారు. దింపడానికి వచ్చిన తమ్ముడు హెబ్బాళ దాటేశాడు. వక్కలు విమానమెక్కాయి, అడకత్తెర అక్కడే ఉండిపోయింది.

1. ముందు బ్యాగు దులపండి
రోజూ వాడే లాప్‌టాప్ బ్యాగునే పట్టుకెళ్తుంటే అన్ని అరలూ తిరగేయండి. ఎప్పుడో వేసిన టెస్టర్, కట్టర్ బ్లేడు, కూరగాయల చాకు బయటపడేది అక్కడే.

2. రెండు కుప్పలు పెట్టండి
కోసేది, పొడిచేది, కొట్టేది ఏదైనా చెకిన్ సూట్‌కేసులోకి. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి బ్యాగులోకి. లైటర్, అగ్గిపెట్టె రెండింట్లోనూ వద్దు. కార్ట్రిడ్జ్ రేజర్‌ని, నెయిల్ కట్టర్‌ని మామూలుగా ఆపరు. విడి బ్లేళ్లను ఆపుతారు. ఇన్సులిన్ సూదులుంటే డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోండి.

అమెరికాలో 7 అంగుళాల లోపు పనిముట్లను చేతి బ్యాగులో రానిస్తారు. అక్కడివాళ్ల ప్రయాణ వీడియోలు చూసి ఇక్కడ స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లకండి.

3. పదును కప్పండి
అసలు పని ఇదే. సూట్‌కేసు తనిఖీకి తెరిచినవాళ్ల చెయ్యి తెగకూడదు. చాకుకైతే అట్టపెట్టె ముక్కను మధ్యకి మడిచి, లోపల బ్లేడు పెట్టి, మూడు వైపులా ప్యాకింగ్ టేపు వేయండి. మొన వైపు రెండు చుట్లు ఎక్కువ వేయండి, ముందు చిరిగేది అక్కడే. మడిచే కత్తిపీటైతే మడిచి, కత్తి మీద అట్ట తొడిగి, పీటతో కలిపి తాడుతో బిగించి, పాత తువ్వాలులో చుట్టండి. మడవని రకమైతే బోల్టు విప్పి కత్తిని వేరు చేయడం మంచిది. న్యూస్ పేపర్ ఒక్కటే చుడితే చాలదు, ఊరు చేరేలోపే చీలిపోతుంది.

కోరాం చెకిన్‌లో పెట్టొచ్చు కానీ దాంతో పాటు ఎండు కొబ్బరి చిప్పలు పెట్టకండి. వాటిలోని నూనె వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని 2022లో చెకిన్‌లోనూ నిషేధించారు.

4. డ్రిల్లుకి బ్యాటరీ విప్పండి
బిట్లు తీసి డబ్బాలో సర్దండి, మిషన్ సూట్‌కేసులో పెట్టండి. విప్పిన బ్యాటరీ కొనలకు టేపు అంటించి, విడి కవరులో వేసి చేతి బ్యాగులో పెట్టుకోండి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి: 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లంటే 90. 100 లోపైతే ఇబ్బంది లేదు. 100 నుంచి 160 వరకూ ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

5. తూకం వేయండి
దేశీయ విమానాల్లో ఎక్కువగా చెకిన్‌కి 15 కిలోలు. ఒక సుత్తి, నాలుగు స్పానర్లు పడితే అది ఎటు పోయిందో తెలియదు. బరువైనవి చక్రాల వైపు, బట్టల మధ్య పెట్టండి.

6. స్కానర్ దగ్గర దొరికిపోతే
వాదించకండి. చివరి మాట అక్కడి సిబ్బందిదే. టైముంటే వెనక్కి వెళ్లి చెకిన్ చేయొచ్చా అని అడగండి. చాలా విమానాలకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి, ఇనుముతో వెళ్లే రోజు రెండు గంటల ముందే అక్కడ ఉండండి.

ఇల్లు చేరాక సూట్‌కేసు మీరే విప్పండి. స్వీట్ల కోసం ముందుగా చెయ్యి పెట్టేది పిల్లలే.