13.2 మిలియన్లు ఎక్కడికి పోయాయి? ఎన్ఎఫ్ఎల్ ఎక్స్‌టెన్షన్‌ను చదివే పద్ధతి

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఆర్లింగ్టన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు, వచ్చిన ఏడాదికే డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పిచ్చి పట్టింది. "మామయ్యా, డాక్ ప్రెస్కాట్ 2021 కాంట్రాక్టు నాలుగేళ్లకు 160 మిలియన్ డాలర్లు అన్నారు కదా. నాలుగేళ్ల క్యాప్ లెక్క కూడితే 146.8 వస్తోంది. మిగతా 13.2 ఎక్కడికి పోయింది?" అని అడిగాడు.

చాలా మంచి ప్రశ్న. డాక్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు. క్యాప్ అంటే శాలరీ క్యాప్: ఒక జట్టు ఆటగాళ్లందరి జీతాలకు కలిపి లీగ్ (ఎన్ఎఫ్ఎల్) ఏటా పెట్టే పరిమితి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టగలిగితే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏ కాంట్రాక్టునైనా చదివేయొచ్చు. నేను ఫ్రిస్కోకు రాకముందు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో తొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. అక్కడ మొదట నేర్పింది ఒకటే: చిట్టా వేరు, ఆవర్జా వేరు. డబ్బు చేతులు మారిన రోజు చిట్టాలోకి ఎక్కుతుంది. అది ఎవరి ఖాతాలో, ఏ పద్దు కింద ఉండాలో ఆవర్జా చెబుతుంది. ఎన్ఎఫ్ఎల్ సంగతీ అంతే. ఆటగాడికి అందే రొక్కం చిట్టా, శాలరీ క్యాప్ ఆవర్జా. పేపర్లో వచ్చే పెద్ద అంకె ఈ రెంటిలో ఏదీ కాదు.

ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఒక పేజీకి ఒక ఆటగాడు. నిలువు గళ్లు సంవత్సరాలకు, అడ్డం వరసలు నాలుగు: మూల జీతం, సైనింగ్ బోనస్ (సంతకం చేసినందుకు ఇచ్చే సొమ్ము) వాటా, క్యాప్ మొత్తం, ఇంకా ఖాతాలో రాయకుండా మిగిలిన బోనస్. అంకెలు ఓవర్ ద క్యాప్, స్పోట్రాక్ సైట్లలో దొరుకుతాయి. ఇక్కడ డబ్బు లెక్కలన్నీ మిలియన్ డాలర్లలోనే. కానీ మొదటి రెండు మూడు కాంట్రాక్టులు మాత్రం మీ చేత్తోనే రాయండి. చూసి వదిలేస్తే బుర్రకు ఎక్కదు.

ఇప్పుడు డాక్ పేజీ. 2021 మార్చిలో సంతకం చేశాడు. సైనింగ్ బోనస్ 66 మిలియన్లు. అది ఆటగాడికి త్వరగానే అందుతుంది కానీ, క్యాప్ ఖాతాలో గరిష్ఠంగా అయిదేళ్లకు సమానంగా పంచి రాయొచ్చు. 66ను 5తో భాగిస్తే 13.2. మూల జీతాలు 2021లో 9, తర్వాత 20, 31, 34 (ఆఖరి ఏడాదిలో చిన్న రోస్టర్ బోనస్, అంటే జట్టులో ఉన్నందుకు ఇచ్చేది, కలిపి). వాటికి 13.2 చొప్పున కలపండి: 22.2, 33.2, 44.2, 47.2. మొత్తం 146.8. కానీ పంపకం అయిదేళ్లకు జరిగింది కదా, ఆట నాలుగేళ్లే. ఆ అయిదో ముక్క 2025 గడిలో కూర్చుంది. కాంట్రాక్టులో ఆ ఏడాది పేరుకే ఉంటుంది, ఆటగాడు ఆడాల్సిన పని లేదు. దీన్నే వాయిడ్ ఇయర్ అంటారు. మా వాడు వెతికిన 13.2 అక్కడుంది.

ఇలా ఎందుకు రాశారో తెలియాలంటే ఆ ఏడాది క్యాప్ చూడాలి. కరోనా వల్ల స్టేడియాలు ఖాళీగా ఉండి 2020లో 198.2 మిలియన్లు ఉన్న క్యాప్ 2021లో 182.5కు పడిపోయింది. సరిగ్గా ఆ మార్చిలోనే డల్లాస్ 160 మిలియన్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది. సగటున ఏడాదికి 40 ఇస్తూ మొదటి ఏడాది ఖాతాలో 22.2 మాత్రమే పడేలా సర్దుకుంది. ఇది మోసం కాదు, నిబంధన ఇచ్చిన వీలు. కానీ తర్వాతి గళ్లలో ఆ బరువు ఎక్కడ పడిందో మీ పేజీలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆ బరువు పడే ఏడాది వచ్చినప్పుడు జట్లు చేసేది రీస్ట్రక్చర్, అంటే ఆ ఏడాది జీతాన్ని బోనస్‌గా మార్చి ముందు ఏళ్లకు పంచడం. 2022లో, 2023లో డాక్ విషయంలో డల్లాస్ ఇదే చేసింది. 2022 మార్పు పక్కన పెట్టి, గుండ్రటి అంకెలతో చూద్దాం. 2023 మూల జీతం 31. అందులో 1 ఉంచి 30ని బోనస్‌గా మార్చి, వాయిడ్ ఇయర్లు కలుపుకుని 2026 దాకా నాలుగేళ్లకు పంచితే ఏటా 7.5. అప్పుడు 44.2 ఉండాల్సిన చోట 1, 7.5, 13.2 కలిసి 21.7 అవుతుంది. ఆ ఏడాది 22.5 ఖాళీ దొరికింది. ఆటగాడికి పైసా తగ్గదు, పైగా డబ్బు ముందే చేతికొస్తుంది. అందుకే ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ ఆ 22.5 ఎక్కడికీ పోలేదు, మూడు ముక్కలై ముందు గళ్లలోకి జరిగింది. వార్తల్లో "క్యాప్ ఆదా" అని చదివినప్పుడల్లా పెన్సిల్ తీసి ఆ ముక్కలను వాటి గళ్లలో రాయండి. ఆదా అన్న మాట నాకు అస్సలు నచ్చదు. వాయిదాను ఆదా అంటే యార్డులో ఏ రైతూ ఒప్పుకోడు.

నాలుగో వరస, అంటే రాయకుండా మిగిలిన బోనస్, అన్నిటికంటే ముఖ్యం. ఆటగాణ్ని తీసేసినా, వేరే జట్టుకు పంపినా ఆ మిగులంతా ఒక్కసారిగా ఖాతాలో పడుతుంది. దాని పేరు డెడ్ మనీ. జూన్ 1 తర్వాత తీసేస్తే ఈ ఏడాది వాటా ఈ ఏడాదే, మిగతాది వచ్చే ఏడాది. మార్చిలోనే తీసేసి జూన్ 1 లెక్క వర్తించేలా ఏటా ఇద్దరు ఆటగాళ్లను ప్రకటించుకునే వీలుంది. డెన్వర్ జట్టు, క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ కథ దీనికి మంచి పాఠం. 2022 మార్చిలో అతణ్ని తెచ్చుకున్నారు. పాత కాంట్రాక్టు 2023 వరకు ఉండగానే, డెన్వర్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, సెప్టెంబరులో అయిదేళ్ల ఎక్స్‌టెన్షన్ (పాత కాంట్రాక్టు పొడిగింపు) ఇచ్చారు. 2024 మార్చిలో, ఆ ఎక్స్‌టెన్షన్‌లో మొదటి ఏడాది మొదలవకుండానే పంపేశారు. డెడ్ మనీ 85 మిలియన్లు: 2024లో 53, 2025లో 32. అదే 2024లో కొత్త కుర్రాడు బో నిక్స్‌తో ఆ జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. డెడ్ మనీ జట్టును చంపేస్తుందని అనుకోకండి. క్వార్టర్‌బ్యాక్ రూకీ (కొత్తగా చేరిన ఆటగాడి) జీతంతో ఆడుతుంటే దాన్ని మోయొచ్చు.

గ్యారంటీ గురించి రెండు మాటలు చాలు. పూర్తి గ్యారంటీ వేరు, గాయమైతేనే వర్తించే గ్యారంటీ వేరు. రెండో రకం చాలాసార్లు మార్చిలో ఒక తేదీ దాటాక మొదటి రకంగా మారుతుంది. అందుకే తీసివేతలు ఆ తేదీకి ముందు జరుగుతాయి. 2022లో క్లీవ్‌లాండ్ తన క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కు ఇచ్చిన 230 మిలియన్లు మొదటి రోజు నుంచే మొత్తం పూర్తి గ్యారంటీ. అందుకే మిగతా జట్ల యజమానులకు అది మింగుడు పడలేదు.

ఇక అసలు విషయం, ఇది ఎక్కువా తక్కువా అని తేల్చడం. డాలర్లతో తేల్చకండి, సంతకం చేసిన ఏడాది క్యాప్‌లో ఎంత శాతమో చూడండి. 2021లో డాక్ సగటు 40, క్యాప్ 182.5: సుమారు 22 శాతం. 2024 సెప్టెంబరులో నాలుగేళ్లకు 240, సగటు 60, ఆ ఏడాది క్యాప్ 255.4: 23.5 శాతం. డాలర్లలో యాభై శాతం పెరిగింది, క్యాప్‌లో వాటా మాత్రం ఒకటిన్నర పాయింటే. ఆ రోజు మా అపార్ట్‌మెంట్‌లో అందరూ గుండెలు బాదుకున్నారు. నేను భాగహారం చేసి చూపించాను. కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ 2020లో పదేళ్లకు 450 మీద సంతకం చేసినప్పుడు సగటు 45 అంటే 22.7 శాతం. అదే 45, 2025 క్యాప్ 279.2లో 16 శాతమే. క్యాప్ పెరుగుతున్న కాలంలో పొడుగు కాంట్రాక్టు ఎవరికి లాభమో ఈ భాగహారమే చెబుతుంది.

దీని వెంటే వచ్చేది ఎప్పుడు సంతకం చేయాలన్నది. డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) వచ్చిన ఆటగాడు మూడు సీజన్లు పూర్తి చేస్తే ఎక్స్‌టెన్షన్‌కు అర్హుడు. ఫిలడెల్ఫియా 2023 ఏప్రిల్‌లో, అర్హత వచ్చిన మొదటి వేసవికి ముందే, క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌కు సగటు 51తో ఇచ్చేసింది. వేరే జట్ల క్వార్టర్‌బ్యాక్‌లు చూడండి: ఆ నెలలోనే లామార్ జాక్సన్ 52, జూలైలో హెర్బర్ట్ 52.5, సెప్టెంబరులో బరో 55. ముందు సంతకం చేసిన జట్టు తక్కువలో బయటపడింది.

మా డల్లాస్ మైకా పార్సన్స్ (ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే ఆటగాడు) విషయంలో దీనికి ఎదురు దారి పట్టింది. రాస్తుంటే ఇప్పటికీ బాధేస్తుంది. 2024 మొదట్లో అర్హుడయ్యాడు, అప్పటికి అతని స్థానంలో అందరికంటే పై ధర నిక్ బోసాది, 34. చూస్తూ కూర్చున్నారు. అదే స్థానంలో 2025 మార్చిలో క్రాస్‌బీ 35.5, గారెట్ 40. జూలైలో వాట్ 41. ఆగస్టు 28న పార్సన్స్‌ను గ్రీన్ బేకు పంపేశారు. బదులుగా డ్రాఫ్ట్‌లో రెండు మొదటి రౌండ్ పిక్స్ (ఎంపిక హక్కులు), ఆటగాడు కెన్నీ క్లార్క్ వచ్చారు. గ్రీన్ బే అతనికి నాలుగేళ్లకు 188, అంటే సగటు 47 ఇచ్చింది. పంటను గోడౌన్‌లో పెట్టి ధర పెరగాలని చూసేది అమ్మేవాడు. ఇక్కడ మనం కొనేవాళ్లం.

చిన్న చిన్న నిబంధనలు ఇంకా ఉన్నాయి. సీజన్ లేని నెలల్లో ఖరీదైన 51 మంది జీతాలే పూర్తిగా లెక్కలోకి వస్తాయి. వాడని క్యాప్ తర్వాతి ఏడాదికి తీసుకెళ్లొచ్చు. లీగ్ లెక్కల సంవత్సరం మార్చి మధ్యలో మొదలవుతుంది. పేజీలు రాస్తూ ఉంటే ఇవి వాటంతటవే అలవాటవుతాయి.

రాత్రి మా వాడు డల్లాస్ ఆటగాడు సీడీ లాంబ్ పేజీ ఫోటో తీసి పంపాడు. 2024 ఆగస్టులో నాలుగేళ్లకు 136, సైనింగ్ బోనస్ 38. 2024 నుంచి 2028 దాకా ప్రతి గడిలో 7.6 వేశాడు. "ఇక్కడ నాలుగేళ్ల కాంట్రాక్టుకు అయిదు గళ్లెలా వచ్చాయి మామయ్యా, వాయిడ్ ఇయరా?" అని కింద రాశాడు. కాదు నాన్నా. పాత ఒప్పందంలో 2024 ఇంకా మిగిలి ఉండగానే సంతకం చేశాడు. అయిదు గళ్లలో మొదటిది ఆ పాత ఏడాది.