వాడేసిన వంటనూనెతో డీజిల్ కారు: పోసే ముందు జాగ్రత్తలు

- ముందు ఇంజిన్ ఏదో చూసుకోండి. కామన్ రైల్ (డీజిల్‌ని చాలా ఎక్కువ ఒత్తిడితో పంపే కొత్తరకం) అయితే ఆ ఆలోచనే మానుకోండి. ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు పోతే మిగిల్చినదానికంటే ఎక్కువే వదులుతుంది. పాత ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ (ఇంధనాన్ని ముందు పక్కనున్న చిన్న గదిలోకి చిమ్మే) ఇంజిన్లు కాస్త తట్టుకుంటాయి.

- తిరుపతిలో బజ్జీల బండి దగ్గర తెచ్చిన నూనెలో పిండి, ఉప్పు, నీళ్లు అన్నీ ఉంటాయి. కొన్ని రోజులు కదపకుండా తేరనివ్వండి. మడ్డి వదిలేసి, పైనూనె మాత్రం 5 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడగట్టండి. తర్వాత కాస్త నూనె మూకుడులో వేడిచేయండి. చిటపటలాడితే నీళ్లున్నట్టే, ట్యాంకులో పోయొద్దు. నా దృష్టిలో ఈ పరీక్షే అన్నిటికన్నా ముఖ్యం.

- నూనె డీజిల్ కంటే చాలా చిక్కన. అందుకే రెండు ట్యాంకులు, హీటరు కావాలి. డీజిల్‌తో స్టార్ట్ చేసి, నూనె 70 డిగ్రీలు దాటాకే నూనె ట్యాంకుకి మారండి. బండి ఆపడానికి కొన్ని నిమిషాల ముందే మళ్లీ డీజిల్‌కి రండి. పామాయిల్ అయితే చలికాలం పొద్దున్నే పేరుకుంటుంది, ఇంకా జాగ్రత్త.

- మామూలు రబ్బరు పైపులు మెత్తబడి కారతాయి, మార్చేయండి.

- ఇంజిన్ ఆయిల్ త్వరగా మార్చాలి. నూనె అందులో కలిస్తే జిగురులా చిక్కబడుతుంది.

- తొలిసారే తిరుమల ఘాట్ ఎక్కొద్దు, టెన్షన్ ఎందుకు? ఊళ్లోనే తిప్పి చూడండి.

- నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా వేయొద్దు, వాటంతటవే అంటుకోవచ్చు.